ఆగుసారు ఇంట్లో తెల్లచుక్కలు

మా బావకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, దాన్ని ఆఫీసు కాగితాల్లో తప్ప ఎవరూ వాడరు. అందరికీ ఆయన ఆగుసారు. పశువుల చెక్‌పోస్టులో ఇన్‌స్పెక్టరు. లారీ నిండా గొర్రెలొచ్చినా, తాడుకు కట్టిన ఒంటి మేక వచ్చినా, కుర్చీలోంచి లేవకుండా చెయ్యెత్తి "ఆగు" అంటాడు. గేటు పక్కనే రేకుల షెడ్డు ఉంది. బయటి నుంచి వచ్చిన ఏ జీవమైనా కొన్నాళ్లు ఆ షెడ్డులో విడిగా ఉండాలి, ఏ అంటురోగమూ లేదని తేలాకే లోపలికి. చట్టం అంతవరకే చెప్పింది. ఆ పైన ఉపన్యాసం మాత్రం మా బావ సొంతం.

"చూడూ, రోగం కంటికి కనపడితే నేనెందుకు, నా గేటెందుకు? కనపడదు కాబట్టే ఆగాలి."

ఈ మాట ఆయన గేటు దగ్గరే కాదు, పెళ్లిలో, బస్సులో, మంగలి కుర్చీలో కూడా అన్నాడు. నేను ఆయన భార్యకు సొంత చెల్లెల్ని. రెండు వీధుల అవతల మందుల షాపులో కౌంటరు దగ్గర కూర్చుంటాను, సాయంత్రం ఇంటికి పోతూ అక్క దగ్గర టీ తాగి వెళతాను. కాబట్టి ఈ మాట నేను విన్నన్ని సార్లు ఆయన గేటు దగ్గరి మేకలు కూడా విని ఉండవు. మరదలై ఉండి బావను దెప్పకూడదని ఎవరైనా అంటే, అలాంటివాళ్లు ఒక్క నెల ఈయనకు మరదలుగా ఉండి చూడమనండి.

ఇంట్లోనూ ఆయనది అదే దొరతనం. నాకు జలుబు చేస్తే నా టీ కప్పు వేరు. చుట్టాలొస్తే వాళ్ల గొడుగులు కూడా వరండాలోనే ఆగాలి. అక్క ఒకసారి పాత కుర్చీ కొనుక్కొస్తే, నల్లులుంటాయని దాన్ని మేడమీద ఎండలో పడేసి, వాన పడ్డాక కూడా దించనివ్వలేదు. కుర్చీ పాడైపోయింది. నల్లులు రాలేదుగా అన్నాడు.

మా అక్క నోట్లో నాలుక లేని మనిషి. వెనక గదిలో కుట్టుమిషను పెట్టుకుని నలుగురి బట్టలూ కుడుతుంది. ఆమెకంటూ ఆ ఇంట్లో ఉన్నవి రెండే, ఆ మిషనూ, హాల్లో ఉన్న అద్దాల తొట్టీ. తొట్టిలో ఒకే ఒక్క గోల్డ్‌ఫిష్. పక్కింటివాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ బొటనవేలంత చేపను గాజు సీసాలో ఇచ్చిపోతే, అక్క దాన్ని అరచేయంత చేసింది. పేరు తాత. మిషను చప్పుడు ఆగితే చాలు, తాత ఎక్కడున్నా అద్దం దగ్గరికి వచ్చేసేవాడు. మిషను ఆగిందంటే అక్క లేచిందని, అక్క లేచిందంటే మేత వస్తుందని వాడి లెక్క. వేలు ముంచితే వేలిని మెల్లగా నోటితో పట్టుకునేవాడు. అక్క నవ్వేది అప్పుడే, ఆ ఇంట్లో ఇంకెప్పుడూ నేను చూడలేదు.

తాతకు ఒకప్పుడు జతగా మరో నాలుగు చేపలుండేవి. అక్క ముచ్చటపడి ఒక కొత్త చేపను తెచ్చి నేరుగా వాటిలో వదిలితే, దాని వెంట వచ్చిన పురుగు ఆ నాలుగింటినీ, కొత్తదాన్నీ తినేసింది. తాత ఒక్కడే మిగిలాడు. అప్పుడు చేతులు కాల్చుకున్న మనిషి కాబట్టి, ఇంకోసారి చేపంటూ వస్తే ముందు విడిగా ఉంచాలని ఒక నీలం టబ్బు కొని అటకమీద పెట్టుకుంది. మళ్లీ చేపను తేవడానికి మాత్రం ఆమెకు ధైర్యం చాల్లేదు.

ధైర్యానికి మా బావ ఉన్నాడుగా.

గేట్లన్నిటి మీదా అజమాయిషీ చేసే పెద్ద కుర్చీ ఒకటి ఖాళీ అవబోతోందని ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలో చెప్పే పెద్దసారును బావ ఆదివారం భోజనానికి పిలిచాడు. పిలవడానికి ఆయన ఇంటికి వెళ్లినప్పుడు అక్కడ గోడంత తొట్టి, అందులో రంగురంగుల చేపలు చూశాడు. తిరిగొచ్చి అక్క తొట్టి వంక, ఎవరో తన చొక్కా మీద సిరా ఒలికించినట్టు చూశాడు.

"ఇంత తొట్టిలో ఒక్క ముసలి చేపా? పరువు పోతుందే. రేపు కొత్తవి తెస్తా."

అక్క అటకెక్కి నీలం టబ్బు దించి, కడిగి, నీళ్లు పట్టి, వెనక గదిలో సిద్ధంగా పెట్టింది. శనివారం సాయంత్రం నేను టీ తాగుతుండగా బావ ప్లాస్టిక్ సంచి పట్టుకుని, అందులో ఆరు పొడవు తోకల చేపలతో, యుద్ధం గెలిచొచ్చిన రాజులా వచ్చాడు.

"ఏవండీ, ఇందులో వదలండి," అంది అక్క టబ్బు చూపించి. "ఓ నెల్లాళ్లు చూసి, అప్పుడు అందులోకి మారుద్దాం."

"నెల్లాళ్లా? పెద్దసారు వచ్చేది రేపు!"

"పోనీ ఆయన్నే వెనక గదిలోకి తీసుకొచ్చి చూపించండి."

"బట్టలు నానబెట్టే టబ్బులో చేపల్ని చూపించమంటావా? నాకు రావాల్సిన కుర్చీ కూడా అందులోనే మునుగుతుంది."

"గేటు దగ్గర మీరు చేసేదిదేగా అండీ?" అంది అక్క మెల్లగా. అంత మాట ఆమె అనడమే గొప్ప.

"అవి పశువులే. కాళ్లున్నవి. ఎక్కడెక్కడో తొక్కొస్తాయి. ఇవి నీళ్లలో పుట్టి నీళ్లలో పెరిగినవి. పొద్దస్తమానం స్నానం చేసేవాటికి రోగమేమిటే?"

నాకు టీ పొలమారింది. "బావా, చేపల షాపతను ఏమన్నాడు?" అని అడిగాను.

"వాడూ ఇదే పాట. వేరేగా పెట్టండి సార్ అంటాడు. చేపలమ్ముకునేవాడు నాకు పాఠం చెప్తాడా? ఒక్కోదాన్నీ వెలుతుర్లో పెట్టి చూశాను మరదలా. ఇన్నేళ్ల సర్వీసు. నా కంటికి ఏమీ కనపడలేదు."

అని, మిషను మీదున్న అక్క బట్టల కత్తెర తీసుకుని సంచి మూతి కత్తిరించి, షాపు నీళ్లతో సహా ఆరింటినీ తొట్టిలో గుమ్మరించాడు. అక్క ఆ కత్తెరతో కాగితం కూడా కోయనివ్వదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో వాదించి ఏం లాభమని, నేను కప్పు కడిగి ఇంటికి పోయాను.

ఆదివారం పెద్దసారు వచ్చాడు. తొట్టికి ఎదురుగా కూర్చోమని బావ ఎంత బతిమాలినా, ఫ్యాను గాలి సరిగా తగిలేది ఇక్కడేనని తొట్టికి వీపుపెట్టి కూర్చున్నాడు. భోజనం ఆసాంతం తన మోకాలి నొప్పి గురించి మాట్లాడాడు. వెళ్లబోతూ ఎట్టకేలకు తొట్టి వైపు తిరిగాడు. బావ కుర్చీ పక్కకు లాగి దారి ఇచ్చాడు. పెద్దసారు ఆ అద్దంలో చూసుకుని చెదిరిన జుట్టు సవరించుకుని, వస్తానని చెప్పి మెట్లు దిగాడు.

ఆ వారంలోనే చేపలు అడుగున ఉన్న రాళ్లకు ఒళ్లు రాసుకోవడం మొదలుపెట్టాయి. ఒకటి రాసుకుని సర్రున పైకి వచ్చేది, వెంటనే ఇంకొకటి. అక్క మొహం పాలిపోయింది.

"ఆడుకుంటున్నాయే," అన్నాడు బావ. "కొత్త ఇల్లు కదా, హుషారు."

రెండు రోజులు పోయాక వాటి తోకల మీద, రెక్కల మీద తెల్లటి చుక్కలు లేచాయి, ఎవరో సన్న ఉప్పు చల్లినట్టు. బావ కళ్లద్దాలు పెట్టుకుని చూసి, జాతి చేపలకు వయసొస్తే అలా చుక్కలు వస్తాయని తేల్చాడు. మర్నాడు తాత రెక్క మీద కూడా ఒక చుక్క కనిపించింది. వాడికి ఆ వయసు ఎప్పుడో దాటిపోయిందని నేను అంటే, బావ పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

అక్క చేపల షాపుకు పోయి మందు తెచ్చింది. హీటరు కొద్దికొద్దిగా పెంచి నీళ్లు వెచ్చబరిచింది, గాలి బుడగల పంపు రెండోది పెట్టింది, పొద్దునపూట కొన్ని నీళ్లు తీసి కొత్తవి పోసి మందు చుక్కలు వేసేది. మందు రంగుకు నీళ్లు పచ్చబడ్డాయి. కొన్నాళ్లకు చేపల ఒంటిమీద చుక్కలన్నీ మాయమయ్యాయి.

ఇక మా బావను పట్టడానికి పగ్గాల్లేవు. "చూశారా! ఒక్క చుక్క ఉందేమో చూపించండి. దీనికోసమా ఇల్లంతా ఆసుపత్రి చేశారు?"

"పోలేదండీ, రాలాయి అంతే," అంది అక్క. "ఆ చుక్క లోపలున్నది పురుగు. కడుపు నిండాక చేప మీంచి రాలి, కింద రాళ్లలో గూడు కట్టుకుని, ఒక్కోటీ వందలు వందలుగా పిల్లలు పెడుతుంది. ఆ పిల్లలు చేపను వెతుక్కుంటూ నీళ్లలో తిరిగేటప్పుడే మందుకు చస్తాయి. ఒంటిమీదున్నప్పుడు ఏ మందూ వాటినేం చేయలేదు. ఇంకా కొన్నాళ్లు వేయాలి."

"కనపడని పురుక్కి మందేమిటే? ఎవరన్నా వింటే నవ్వుతారు."

ఈ మాటన్నది కనపడదు కాబట్టే ఆగాలని చెప్పే ఆగుసారే.

అక్క ఒకరోజు కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి ఊరి అవతలికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి తొట్టి నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి. పచ్చనీళ్లన్నీ పారబోసి, హీటరు పీకేసి, మందు సీసా చెత్తలో వేసి, బావ సోఫాలో కాలు మీద కాలేసుకుని మెప్పుకోసం కూర్చుని ఉన్నాడు. "చూడు, ఎంత శుభ్రం చేశానో. నువ్వైతే ఏడాదికి కూడా ఇలా కడగవు."

అక్క మళ్లీ మందు తేవాల్సింది. తేలేదు. ఎందుకు తేలేదే అని తర్వాత గట్టిగా అడిగాను. "ఏమో, నాకూ చుక్కలు కనపడలేదు. ఆయనంత గట్టిగా అంటుంటే నిజమేనేమో అనిపించింది. నిజమైతే బాగుండుననిపించింది," అంది. నాకు కోపం వచ్చింది, అక్క మీద కాదు. అంత గట్టిగా అనేవాళ్ల మాట నిజమనుకుని మందులు మధ్యలో ఆపేసేవాళ్లు మా కౌంటరు ముందుకు రోజూ వస్తారు.

వారం తిరక్కుండానే చుక్కలు మళ్లీ వచ్చాయి, ఈసారి పిండిలో దొర్లించి తీసినట్టు. కొత్త చేపలు నీటి అంచున నోళ్లు తెరుచుకుని గాలికోసం కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఒకదాని తర్వాత ఒకటి ఐదు వెల్లకిలా తేలాయి. ఆ పొద్దున నేను షాపుకు పోతూ వాళ్లింట్లో ఆగితే, బావ వాటిని పాత పేపర్లో చుట్టి పారేస్తూ ఏమన్నాడో తెలుసా?

"నీ ముసలిదే రోగిష్టిది. బంగారంలాంటి చేపలు తెస్తే వాటికి అంటించి చంపింది."

అక్క ఆయన వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. సంచి తీసుకుని, చెప్పులేసుకుని, మందుకోసం చేపల షాపుకు వెళ్లింది. ఆమె తిరిగొచ్చేసరికి బావ ఇంటికి తాళం వేసుకుని డ్యూటీకి పోయాడు. ఉన్న ఒక్క తాళంచెవీ ఆయన జేబులో, ఆయన ఫోను ఇంట్లో సోఫామీద. అక్క మందు సీసా చేత్తో పట్టుకుని మెట్లమీద నిలబడింది. కిటికీలోంచి చూస్తే తాత కనిపిస్తున్నాడు. తొట్టి మూలలో, ఒక పక్కకు ఒరిగి, మొప్పలు మాత్రం కదులుతూ. నాకు కబురు పెట్టింది. నేను షాపు వదిలేసి ఆటో ఎక్కి చెక్‌పోస్టుకు పరిగెత్తాను.

గేటు దగ్గర బండ్ల వరస. ముందర ఒకావిడ రెండు మేకల్ని తాళ్లతో పట్టుకుని నిలబడి ఉంది. "మీ కళ్లతో మీరే చూడండి సారూ. ఏ జబ్బూ లేదు. సాయంత్రానికి ఇల్లు చేరకపోతే మా పిల్లలు బెంగపెట్టుకుంటారు," అని బతిమాలుతోంది.

బావ కుర్చీలో వెనక్కి వాలి, చెయ్యెత్తి, గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, రోగం కంటికి కనపడితే నేనెందుకు, నా గేటెందుకు? కనపడదు కాబట్టే..."

"ఆ మాట ఇంకోసారి అనండి బావా," అన్నాను.

ఉలిక్కిపడ్డాడు. "నువ్వేంటి ఇక్కడ?"

"గట్టిగా అనండి. మీ ఇంటిదాకా వినపడాలి. అక్కడ అక్క మెట్లమీద నిలబడి ఉంది, లోపల తాత చస్తున్నాడు, తాళంచెవి మీ జేబులో ఉంది."

"నెమ్మదిగా మాట్లాడు. డ్యూటీలో ఉన్నాను."

నేను నెమ్మదిగా మాట్లాడలేదు. నాకు ఆ గుణం దేవుడివ్వలేదు. సంచిలో తెచ్చిన ఆరు చేపల దగ్గర్నుంచి చెత్తలో వేసిన మందు సీసా దాకా, వరసలో ఉన్న లారీవాళ్లందరూ దిగి వచ్చి వినేదాకా చెప్పాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందని సామెత విన్నాను గానీ, పడ్డ బల్లి మొహం ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను.

మేకలావిడ అంతా విని, వెటకారం ఏమాత్రం లేకుండా, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "మరి ఆ చేపల్ని ఎందుకు ఆపలేదు సారూ?"

బావ జేబులోంచి తాళంచెవి తీసి, నా వైపు చూడకుండా బల్లమీద పెట్టాడు. మేకలావిడ మేకల్ని తనే షెడ్డులోకి తోలుకుపోయింది.

తలుపు తీసీ తియ్యగానే అక్క తాతను నీలం టబ్బులోకి మార్చి, టబ్బును కుట్టుమిషను పక్కన పెట్టుకుంది. కొలత చూసి ఉప్పు వేసింది, హీటరు పెట్టింది, మందు వేసింది. తాత ఒంటిమీద ఉప్పు రాసినట్టే ఉంది, ఒక కన్ను మసకబారింది. అక్క మిషను కాసేపు కుట్టి ఆపింది. తాత కదల్లేదు. మళ్లీ కుట్టి మళ్లీ ఆపింది. నేను అక్కడ కూర్చోలేక వంటింట్లోకి వెళ్లి అక్కర్లేని గిన్నెలు తోమాను.

సాయంత్రం బావ వచ్చాడు. చొక్కా మార్చుకుని, హాల్లో తొట్టిలో మిగిలిన ఒక్క కొత్త చేపను, చచ్చిపోయినదాన్ని, చేత్తో తీసి పారేసి, తడి చేయి తుడుచుకుంటూ వెనక గది గుమ్మం దగ్గరికి వచ్చాడు. లోపలికి అడుగు వేయబోయాడు.

అక్క కుర్చీలోంచి లేవలేదు. చెయ్యెత్తింది.

"ఆగండి."

ఆయన ఆగాడు.

"ఆ తొట్టిలో పెట్టిన చెయ్యి. ఆ నీళ్ల చుక్క కూడా ఈ గదిలోకి రాకూడదు."

"కడుక్కుని వస్తానే."

"కడుక్కున్నా సరే. అక్కణ్నుంచే చూడండి."

ఆ తర్వాత రోజూ సాయంత్రం అదే వరస. బావ డ్యూటీ నుంచి వచ్చి, గడప అవతల నిలబడేవాడు. "తాత తింటున్నాడా?" అని అడిగేవాడు. అదివరకు "అది", "ముసలిది" అనేవాడు. అక్క లేదనేది. ఆయన టీ కప్పు పట్టుకుని వెళ్లిపోయేవాడు. అక్క చుక్కలు పోయాక కూడా మందు ఆపలేదు. టబ్బు నీళ్లు మార్చి మార్చి ఆమె వేళ్లు నానిపోయి సూది జారిపోయేది. ఒకరోజు నేనుండగానే మిషను ఆగింది, టబ్బులో నీళ్లు కదిలాయి. తాత మెల్లగా, ఒక పక్కకు ఒరుగుతూనే, అంచు దాకా వచ్చి నోరు తెరిచాడు. అక్క వేలు ముంచింది. వాడు పట్టుకున్నాడు. అక్క మిషను మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

గుమ్మం దగ్గర బావ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటుంటే, పోనీలే పాపం, మారాడేమో అనుకున్నాను. నాది తొందరపాటు. ఆ పెద్ద కుర్చీ ఇంకెవరికో పోయిందని తెలిసిన వారంలోనే, మా షాపుకు వచ్చిన ఆయన ఆఫీసు మనిషి నాతో అన్నాడు. "మీ బావగారు గొప్పవారండీ. చావబోయే చేపను విడిగా పెట్టి, మందులేసి, సొంతంగా బతికించుకున్నారటగా." నేను అతనికి తలనొప్పి మాత్రలిచ్చి పంపాను. నాకూ ఒకటి వేసుకున్నాను.

ఆ తర్వాత ఒక ఆదివారం బావ పెద్ద తొట్టిని ఖాళీ చేసి కడిగాడు. రాళ్లు మేడమీద ఎండబెట్టాడు. కొత్త నీళ్లు నింపి, దీపం వేసి, గడప అవతల నిలబడి అక్కను పిలిచాడు.

"ఇక తాతను తెచ్చెయ్యవే. తొట్టి తళతళలాడుతోంది. అంతా చూశాను."

"చూశారా?" అంది అక్క, గుడ్డ మీంచి తలెత్తకుండా.

"దగ్గరగా, కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాను. నా కంటికి ఏమీ కనపడలేదు."

"అందుకేనండీ, తేను," అని అక్క మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఇప్పటికీ తాత వెనక గదిలోనే ఉన్నాడు. అక్క టబ్బు తీసేసి, తన సంపాదనతో వాడికి కొత్త తొట్టి కొంది. హాల్లో పెద్ద తొట్టి ఖాళీగా ఉంటుంది. ఎవరైనా వచ్చి ఇందులో చేపలేవీ అని అడిగితే, ఆగుసారు వెనక గది గుమ్మం దాకా తీసుకెళ్లి, అక్కడ ఆగి, వేలితో చూపిస్తాడు.